ప్రయాణ ఈ-సిమ్‌తో పినాంగ్‌లో మూడు నెలలు: ఒక విజయవాడ వాసి సమీక్ష

2024 జులై రెండో వారం నుంచి అక్టోబరు రెండో వారం దాకా మలేసియాలోని పినాంగ్ దీవిలో, జార్జ్‌టౌన్ నగరంలో ఉండి హైదరాబాదులోని మా కార్యాలయానికి పనిచేశాను. మా ఇల్లు విజయవాడ అజిత్‌సింగ్‌నగర్‌లో ఉంది. అమ్మానాన్నలు అక్కడే ఉంటారు. ఆ మూడు నెలలకోసం ఇంటి దగ్గరే కొనుక్కుని వెళ్లిన ప్రయాణ ఈ-సిమ్ (విడి సిమ్ కార్డు లేకుండా ఫోన్‌లోకే దించుకుని విదేశంలో వాడే డేటా లైను) సేవ గురించి ఈ సమీక్ష రాస్తున్నాను. అమ్మిన సంస్థ పేరు చెప్పడం లేదు. నేను ఎదుర్కొన్న ఇబ్బందుల్లో చాలావరకు ఆ ఒక్క సంస్థవి కావు, ఈ తరహా సేవ పనిచేసే తీరులోనే ఉన్నాయి. విదేశంలో ఉంటూ ఇక్కడి ఉద్యోగం చేయాలనుకునేవారు ముందే తెలుసుకుని వెళ్లాలన్నదే నా ఉద్దేశం.

మొదట కొనుగోలు సంగతి. మన దేశంలో విదేశీ సిమ్‌లు అమ్మాలంటే టెలికాం శాఖ నుంచి నిరభ్యంతర పత్రం ఉండాలి. అది లేని కారణంగానే 2024 జనవరిలో పేరున్న కొన్ని ఈ-సిమ్ యాప్‌లను మన దేశపు యాప్ స్టోర్లలోంచి తొలగించారు. అందుకని అనుమతి ఉన్న సంస్థనే వెతుక్కుని, పాస్‌పోర్టు ప్రతిని అప్‌లోడ్ చేసి కొన్నాను. 30 రోజులకు 10 జీబీ, ధర సుమారు 1,500 రూపాయలు. కొనే ముందు ఫోన్‌లో *#06# నొక్కితే ఫోన్ గుర్తింపు సంఖ్య ఐఎంఈఐతో పాటు, ఈ-సిమ్ చిప్ గుర్తింపుగా ఉండే ఈఐడీ అనే 32 అంకెల సంఖ్య కనిపించాలి. అది కనిపించకపోతే ఆ ఫోన్‌లో ఈ-సిమ్ పనిచేయదు. నాకంటే ముందు ప్రయాణమైన స్నేహితుడొకరు ఈ పరీక్ష చేయకుండానే డబ్బు కట్టి, దాన్ని తిరిగి రాబట్టుకోవడానికి పదిహేను రోజులు తిరిగారు.

ఈ-సిమ్ అంటే ఫోన్‌లోనే అతికి ఉన్న చిన్న చిప్‌లోకి ఆపరేటరు వివరాలను క్యూఆర్ కోడ్ ద్వారా దించుకోవడం. ట్రే బయటికి లాగి మన సిమ్ తీసి, ఏ పర్సు మూలనో దాచిపెట్టే పని ఉండదు. ఈ సౌకర్యం విలువ మనవాళ్లకు తక్కినవారికంటే ఎక్కువ. మన యూపీఐ యాప్‌లు, బ్యాంకు యాప్‌లు ఫోన్‌లో ఉన్న సిమ్‌ను చూసుకునే తెరుచుకుంటాయి. ఆ సిమ్‌ను బయటికి తీస్తే చాలావరకు మళ్లీ మొదటినుంచి నమోదు చేసుకోమంటాయి. మన సిమ్‌ను దాని చోటనుంచి కదపకుండానే రెండో లైను చేతికి రావడం ఈ సేవలో నాకు నచ్చిన మొదటి విషయం.

క్యూఆర్ కోడ్‌ను ఇంట్లో వైఫై మీదే ఎక్కించుకుని, ఆ లైనును ఆపి ఉంచి బయలుదేరాను. సాధారణంగా ఆ కోడ్ ఒక్కసారికే పనిచేస్తుంది. పొరపాటున ఫోన్‌లోంచి చెరిపేస్తే మళ్లీ ఎక్కదు. గడువు లెక్క మాత్రం అక్కడి నెట్‌వర్కు అందుకున్నాకే మొదలవుతుందని సంస్థ చెప్పింది, అలాగే జరిగింది. పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో చెన్నై చేరి, అక్కడ విమానం ఎక్కి కౌలాలంపూర్‌లో దిగి, విమానం తలుపు తెరవకముందే ఆ లైనును తెరిచి డేటా రోమింగ్ నొక్కాను. నిమిషం తిరగకుండా సిగ్నల్ గీతలు నిండాయి. విమానాశ్రయంలో సిమ్ కౌంటర్ల ముందు బారులు తీరిన తోటి ప్రయాణికులను దాటుకుని, డిజిటల్ ఆగమన పత్రం ఫోన్‌లోనే చూసుకుంటూ ఇమిగ్రేషన్ వరుసలోకి వెళ్లిపోయాను. అమ్మకు "దిగాను" అని సందేశం పెట్టింది కూడా ఆ వరుసలోంచే. కొత్త దేశంలో మొదటి రెండు గంటలు చేతిలో ఇంటర్నెట్ ఉండటం ఎంత ధైర్యమో ఆ రోజు అర్థమైంది. ఆ ఒక్క పనికి ఈ సేవకు నిండు మార్కులు వేస్తాను.

ఇక్కడ ఒక మాట చెప్పి ముందుకు వెళ్తాను. 2023 డిసెంబరు 1 నుంచి మలేసియా మనవాళ్లను 30 రోజుల దాకా వీసా లేకుండా రానిస్తోంది కానీ, అది చుట్టపుచూపుకు, విహారానికి ఇచ్చిన సౌకర్యం. అక్కడ కూర్చుని ఉద్యోగం చేసుకోవడానికి 2022లో వారు తెచ్చిన డీఈ రాంటావ్ పాస్ వేరే ఉంది. మూడు నుంచి పన్నెండు నెలలకు ఇస్తారు. నేను ఆ పాస్ తీసుకుని, మా కార్యాలయం నుంచి రాతపూర్వక అనుమతి కూడా పొందాకే వెళ్లాను. ఈ రెండూ లేకుండా వెళ్లమని ఎవరికీ సలహా ఇవ్వను.

అసలు కష్టం మొదటి సోమవారం తెలిసింది. పినాంగ్ మనకంటే రెండున్నర గంటలు ముందుంటుంది. ఇక్కడి ఉదయం 10 గంటల సమావేశానికి అక్కడ పన్నెండున్నరకు ల్యాప్‌టాప్ తెరిచాను. గదిలో వైఫై అప్పటికింకా పెట్టించలేదు కాబట్టి ఫోన్ హాట్‌స్పాట్‌తో ఆఫీసు వీపీఎన్‌లోకి (ఆఫీసు నెట్‌వర్కుకు చేరే భద్రమైన దారి) వెళ్లబోతే, అనుమతి లేని దేశం నుంచి ప్రయత్నం జరిగిందని చూపించి ఖాతాను ఆపేసింది. ఆఫీసు నాకు అనుమతించింది మలేసియాను. ఇంటర్నెట్‌లో మనం ఏ దేశం నుంచి వచ్చామో చూపే నా ఐపీ చిరునామా చూసుకుంటే అది హాంకాంగ్‌ది! ప్రయాణ ఈ-సిమ్‌లు అక్కడి ఆపరేటరు టవర్లను వాడుకున్నా, నిజానికి అవి చాలావరకు వేరే దేశపు ఆపరేటరు రోమింగ్ సిమ్‌లు. మన డేటా ముందు ఆ దేశంలోని గేట్‌వే (ఇంటర్నెట్‌లోకి వెళ్లే ద్వారం) దాకా వెళ్లి, అక్కడినుంచి లోకంలోకి అడుగుపెడుతుంది. అమ్మే పేజీలో ఎక్కడా ఈ ముక్క రాసి లేదు. భద్రతా విభాగంవారికి పరిస్థితి వివరించి, ఖాతా తెరిపించుకునేసరికి ఆ రోజు పని మొత్తం పోయింది.

ఈ దారి మళ్లింపు మాటల్లో కూడా వినిపిస్తుంది. పినాంగ్ నుంచి చెన్నైకి సముద్రం అడుగున బే ఆఫ్ బెంగాల్ గేట్‌వే అనే కేబులు నేరుగా ఉంది. అయినా నా మాట ముందు హాంకాంగ్ వెళ్లి, అక్కడినుంచి హైదరాబాదు చేరేది. ఈ-సిమ్ మీద మా సర్వరుకు పింగ్ (సంకేతం వెళ్లి తిరిగి రావడానికి పట్టే సమయం) 180 నుంచి 220 మిల్లీసెకన్ల మధ్య ఉండేది; తరువాత కొన్న స్థానిక సిమ్ మీద అదే పింగ్ 70 ప్రాంతంలో ఉంది. అంకెల్లో చూస్తే చిన్న తేడాలాగే ఉంటుంది. సమావేశంలో మాత్రం నేను "అవునండీ" అనేలోపు అవతలివారు నేను విన్నానో లేదోనని అదే ప్రశ్న మళ్లీ మొదలుపెట్టేవారు, ఇద్దరి మాటలూ ఒకదాని మీద ఒకటి పడేవి, ఇద్దరం ఒకేసారి ఆగిపోయేవాళ్లం. రోజుకు నాలుగు సమావేశాలుంటే సాయంత్రానికి తల బరువెక్కేది.

పది జీబీ పదో రోజుకే అయిపోయింది. నా వాడకంలో గంటసేపు వీడియో సమావేశానికి ఒక జీబీ దాకా ఖర్చయ్యింది. అదే సంస్థ "అపరిమిత" ప్లాన్ ఒకటి అమ్ముతుంది. దాని నిబంధనలు చివరిదాకా చదివితే, రోజుకు కొంత డేటా దాటాక వేగం తగ్గిస్తామని, హాట్‌స్పాట్‌కు ఆ ప్లాన్ పనికిరాదని ఉంది. ల్యాప్‌టాప్ మీద పనిచేసేవారికి ఆ రెండో నిబంధన ఒక్కటే చాలు, ఆ ప్లాన్ వైపు చూడనక్కరలేదని తెలుసుకోవడానికి.

అయితే వేగమూ, డేటా లెక్కా నా ప్రధాన ఫిర్యాదు కాదు. ఈ సేవ ఇంటర్నెట్ ఇస్తుంది, ఫోన్ నంబరు ఇవ్వదు. మన ఆన్‌లైన్ జీవితం మొత్తం నంబరు మీద నిలబడి ఉంది. మొదటి వారంలో అద్దె కట్టడానికి బ్యాంకు ఖాతా తెరిస్తే ఓటీపీ అడిగింది. అది రావలసిన మన సిమ్ "సేవ లేదు" అని చూపిస్తోంది, ఎందుకంటే ఆ నంబరుకు అంతర్జాతీయ రోమింగ్‌ను విజయవాడలోనే చేయించుకోవాలన్న ఆలోచన నాకు రాలేదు. మన ఆపరేటరు యాప్‌లో అంతకుముందే లాగిన్ అయి ఉండటం వల్ల ఈ-సిమ్ డేటా మీదే ఆ సేవను చేయించుకోగలిగాను. యాప్ లాగిన్‌కే ఓటీపీ అడిగి ఉంటే దారి మూసుకుపోయేది. రోమింగ్ అందాక వచ్చిన ఓటీపీ సందేశాలకు నాకు రుసుమేమీ పడలేదు. మన సిమ్‌కు డేటా రోమింగ్ ఆపి ఉంచితే చాలు. రీఛార్జి గడువును కూడా కనిపెట్టుకుని ఉండాలి. 90 రోజుల పాటు ఏ వాడకమూ లేని నంబరును ఆపరేటరు వెనక్కి తీసుకోవచ్చు. మూడు నెలల ప్రయాణం సరిగ్గా ఆ గడువు దాకా సాగుతుంది.

నంబరు లేకపోవడం అంటే ఏమిటో సెప్టెంబరు 1న తెలిసింది. ఆ రోజు ఆదివారం. బుడమేరు పొంగి మా సింగ్‌నగర్‌లోకి నీళ్లు వచ్చాయని వార్తల్లో చూసి వాట్సాప్‌లో ఇంటికి ఫోన్ చేస్తే మోగలేదు. అక్కడ కరెంటు పోయింది, డేటా అందడం లేదు. మామూలు ఫోన్ కాల్ అయితే అప్పుడప్పుడూ కలుస్తోందని గుంటూరులోని పిన్ని సందేశం పెట్టింది. నా ఈ-సిమ్‌తో మామూలు కాల్ చేసే వీలే లేదు. మన సిమ్‌కు ఒక రోజు రోమింగ్ ప్యాక్ కొనబోతే కార్డు ఓటీపీ అడిగింది. జులైలో పడిన ఆ తిప్పలు ఇక్కడ అక్కరకొచ్చాయి; ఓటీపీ వచ్చింది, ప్యాక్ దొరికింది. ఇరవై సార్లు ప్రయత్నించాక అమ్మ గొంతు వినిపించింది. "నీళ్లు ఆరో మెట్టు దాకా వచ్చాయి నాన్నా. మేం పైవాళ్లింట్లో ఉన్నాం. ఛార్జింగ్ అయిపోతోంది, పెట్టేస్తున్నా." అంతే, కాల్ తెగిపోయింది. ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటిన ఆ రెండు రోజులూ నాకు తెలిసిన కబురు ఆ మూడు వాక్యాలే. డేటా మాత్రమే ఇచ్చే సేవను నమ్ముకుని అమ్మానాన్నలను వదిలి దూరం వెళ్లడం తప్పని నేను నిజంగా నమ్ముతున్నాను.

ఆ వారమే జార్జ్‌టౌన్‌లో క్వీన్ వీధిలోని లిటిల్ ఇండియాకు, మహామారియమ్మన్ గుడికి దగ్గర్లో ఉన్న ఒక చిన్న దుకాణానికి వెళ్లి స్థానిక ప్రీపెయిడ్ లైను తీసుకున్నాను. పాస్‌పోర్టు చూపించి నమోదు చేసుకోవడానికి పది నిమిషాలు పట్టింది. నెలకు 35 రింగిట్లు, ఆ రోజుల్లో సుమారు 680 రూపాయలు. నా ఈ-సిమ్ ప్లాన్ ధరలో సగం కూడా లేదు. డేటా ఎన్నో రెట్లు ఎక్కువ, ఐపీ చిరునామా మలేసియాదే, పైగా ఇంటి యజమానికీ, సరుకులు తెచ్చేవారికీ ఇవ్వడానికి ఒక నంబరు. దాన్ని కూడా ఈ-సిమ్‌గానే తీసుకున్నాను కాబట్టి మన సిమ్ ట్రేలోంచి కదలలేదు. ఆ లైను మీంచి రోజూ సాయంత్రం ఇంటికి మామూలు కాల్ చేసేవాణ్ణి. ఇల్లు కడుక్కుని, బురద ఎత్తిపోసుకుని, ఫ్రిజ్ బాగుచేయించుకునేదాకా అమ్మ చెప్పే ప్రతి వివరమూ ఆ లైనులోనే విన్నాను.

అమ్మిన సంస్థ వినియోగదారుల సహాయం గురించి కూడా చెప్పాలి. చాట్‌లో మాత్రమే దొరుకుతారు, మర్యాదగా మాట్లాడతారు. హాంకాంగ్ ఐపీ సంగతి అడిగితే, దాన్ని మార్చడం తమ చేతిలో లేదని దాచకుండా చెప్పారు. ఆ సమాధానం కొనడానికి ముందే పేజీ మీద ఉంటే బాగుండేది. వాడని డేటాకు డబ్బు తిరిగి ఇవ్వరు.

వారం, పది రోజులు సెలవు మీద వెళ్లేవారికి, కుటుంబంతో సింగపూరో బ్యాంకాకో చూసొచ్చేవారికి ఈ సేవను నిస్సంకోచంగా కొనుక్కోమని చెబుతాను. ఐదుకు నాలుగు మార్కులు వేస్తాను. అక్కడే ఉండి ఉద్యోగం చేసేవారి ప్రధాన లైనుగా మాత్రం రెండుకు మించి వేయలేను. ఈసారి వెళ్లేటప్పుడు ఏడు రోజుల చిన్న ప్లాన్ మాత్రమే కొని, స్థానిక లైను దొరికేదాకా దానితో గడుపుతాను. మన నంబరుకు రోమింగ్‌ను విజయవాడలో ఉండగానే చేయించి, అమ్మ ఫోన్ పక్కన ఒక పవర్ బ్యాంక్ నిండా ఛార్జి చేసి పెట్టాకే బయలుదేరుతాను.