పెద్ద తెర రియర్ ప్రొజెక్షన్ హెచ్‌డీ టీవీ: ఏళ్ల తరబడి వాడాక

మా హాల్లో ఉన్నది 60 అంగుళాల డీఎల్‌పీ రియర్ ప్రొజెక్షన్ టీవీ, 1080పీ (ఫుల్ హెచ్‌డీ). అంటే డబ్బా లోపలున్న ప్రొజెక్టర్ వెనక నుంచి తెర మీద బొమ్మ వేస్తుంది, ఆ ప్రొజెక్టర్ బుల్లి అద్దాల చిప్‌తో పనిచేసే రకం, దాన్నే డీఎల్‌పీ అంటారు. కొనేటప్పుడు ఇంత తెర ప్లాస్మా రకం ఫ్లాట్ టీవీలో కావాలంటే బరువూ ధరా రెండూ ఎక్కువే, అందుకే దీన్ని తెచ్చాం. లైట్లు ఆర్పి బ్లూరే సినిమా పెడితే ఇప్పటికీ కళ్లు తిప్పుకోలేను.

ఇందులో టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వాళ్ల చిప్ ఉంటుంది, దాని మీద లక్షల కొద్దీ బుల్లి అద్దాలు, ల్యాంప్ వెలుగు తిరిగే రంగుల చక్రం గుండా వచ్చి వాటి మీద పడి, లెన్సు దాటి, వెనకున్న పెద్ద అద్దం మీంచి తెరకు చేరుతుంది. బొమ్మంతా అద్దాల మీంచి వచ్చే వెలుగే, అందుకే న్యూస్ చానెల్ లోగో రోజంతా ఉన్నా తెర మీద మచ్చ పడదు. పాత సీఆర్‌టీ (పిక్చర్ ట్యూబ్) ప్రొజెక్షన్ సెట్లలో ఆ టెన్షన్ ఉండేది, పైగా మూడు ట్యూబుల రంగులు కలిసేలా కన్వర్జెన్స్ సరిచేసుకుంటూ ఉండాలి. కానీ ఆ రంగుల చక్రం వల్లే కొందరికి చూపు అటూ ఇటూ తిప్పినప్పుడు ఇంద్రధనుస్సులా రంగులు మెరుస్తాయి. నాకు కనపడవు, మా ఆవిడకి కనపడతాయి.

అసలు విషయం ల్యాంప్. కొన్ని వేల గంటలే దాని ఆయుష్షు, అదీ మెల్లమెల్లగా మసకబారుతుంది కాబట్టి మనకి తెలియదు, కొత్తది వేశాక గానీ ఇన్నాళ్లూ ఎంత వెలుగు పోగొట్టుకున్నామో అర్థం కాదు. ల్యాంప్ మార్చేటప్పుడు దాని గాజుని వేళ్లతో ముట్టుకోకండి. ఆఫ్ చేశాక ఫ్యాన్ ఆగేదాకా ప్లగ్ తీయకండి, ల్యాంప్ చల్లబడాలి.

తెర మధ్యభాగం కూర్చున్నప్పుడు కంటి ఎత్తులో ఉండాలి, నిలబడి చూస్తే బొమ్మ మసగ్గా కనిపిస్తుంది. పగలు కిటికీ తెరిచి ఉన్నా అంతే. మామూలు కేబుల్ చానెళ్లు ఇంత పెద్ద తెర మీద అలికినట్టుంటాయి, కంప్యూటర్ కలిపితే ఓవర్‌స్కాన్ (బొమ్మని తెర కన్నా కాస్త పెద్దది చేసి చూపడం) వల్ల అంచులు తెగిపోతాయి.

2012 చివర్లో మిత్సుబిషి కూడా వీటి తయారీ ఆపేసింది కాబట్టి ఇప్పుడు దొరికేవన్నీ సెకండ్ హ్యాండే. ఎవరైనా ఇస్తామంటే ముందు నల్లటి సీన్ ఏదైనా పెట్టించి చూడండి. తెల్ల చుక్కలు కదలకుండా కనిపిస్తే చిప్ మీద అద్దాలు ఇరుక్కుపోతున్నట్టు, అవి రానురాను పెరుగుతాయి, ల్యాంప్ మారిస్తే పోవు. అలాంటిది ఊరికే ఇచ్చినా తీసుకోవద్దు.