గిటార్ జుయ్యిమంటోందా: రాగి టేపా, హంబకరా, నాయిస్ గేటా?

ఎలక్ట్రిక్ గిటార్ తగిలించి ఆంప్ (శబ్దం పెంచే పెట్టె) ఆన్ చేయగానే తేనెతుట్టె కదిలినట్టు మోత వస్తుంటే తలా ఒక మందు చెబుతారు. లోపల రాగి టేపు అంటించమని ఒకరు, హంబకర్ (రెండు కాయిళ్ల పికప్, అంటే తీగ కదలికను కరెంటు సిగ్నల్‌గా మార్చే భాగం) వేయించమని ఇంకొకరు, శబ్దం సన్నబడగానే దాన్ని మూసేసే నాయిస్ గేట్ పెడల్ కొనమని మరొకరు. ఎవరి మాటా అబద్ధం కాదు, కాకపోతే మూడూ ఒకే రోగానికి మందులు కావు.

నేను మొదట కొన్నది గేటే. వాయించడం ఆపితే ఇల్లంతా నిశ్శబ్దం, తీగ మీటగానే స్వరంతో పాటు మోతా హాజరు. పైగా మెల్లగా సాగే స్వరాన్ని చివర్లో కత్తిరించేసేది. డిస్టార్షన్ (గరగరలాడే స్వరం) దంచేవాళ్లకు బాగుంటుందేమో, చర్చిలో నిదానంగా వాయించే నాకు దండగ.

డబ్బులు తీసేముందు గిటార్ వాల్యూమ్ సున్నా చేసి చూడండి. మోత అలాగే ఉంటే తప్పు గిటార్‌ది కాదు, కేబుల్, ఆంప్, కరెంటు వైపు వెతకాలి. పోయిందంటే వాల్యూమ్ పెంచి తీగల మీద చేయి పెట్టండి. చిరచిరలాడే బజ్ తగ్గితే రాగి టేపు చాలు. ట్యూబ్‌లైటు, ఫ్యాన్ రెగ్యులేటర్ల గోలకు మన ఒళ్లే యాంటెన్నా అవుతుంది. పికప్ గుంతల్లో, పిక్‌గార్డ్ (తీగల కింది పలక) వెనక టేపు అతికించి, ముక్కలన్నిటికీ టంకం పెట్టి గ్రౌండ్‌కు కలపాలి. కొన్ని వందల్లో తేలిపోతుంది.

గిటార్ పట్టుకుని అటూ ఇటూ తిరిగితే బండమోత హెచ్చుతగ్గులవుతుంటే అది 50 హెర్ట్జ్ కరెంటు అయస్కాంత క్షేత్రం. రాగి రేకు దాన్ని ఆపలేదు. అక్కడ హంబకరే దిక్కు. గిబ్సన్‌లో సేథ్ లవర్ 1955లో పేటెంట్‌కు దరఖాస్తు పెట్టిన ఉపాయం అది: రెండు కాయిళ్లను, వాటి అయస్కాంత ధ్రువాలను కూడా ఎదురెదురుగా పెట్టి కలిపితే మోత మోతను కొట్టేస్తుంది, తీగ స్వరం మాత్రం నిలుస్తుంది. ఒకే కాయిలుండే పికప్ (సింగిల్ కాయిల్) ఇచ్చే గలగల స్వరం మాత్రం కొంత పోతుంది. మూడు పికప్‌ల గిటార్ అయితే ముందు పికప్‌లను ఎంచే స్విచ్‌ను 2లోనో 4లోనో (నడిమి పికప్, పక్కది కలిసి మోగే స్థానాలు) పెట్టండి. చాలావాటిలో నడిమి పికప్‌ను తిరగేసి చుడతారు కాబట్టి మోత అక్కడే తగ్గిపోతుంది.

ఇంతా చేసి మా ఇంట్లో అసలు దొంగ ఎర్త్. అనంతపురం వానల సంగతి తెలిసిందే. పెరట్లో ఎర్త్ గుంత ఎండి బొగ్గు, ఉప్పు గట్టిపడిపోయాయి, క్లాంప్ దగ్గర వైరు తుప్పుకు తెగి ఉంది. తీగ ముట్టుకుంటే చిన్నగా జివ్వుమనేది, నేనేమో చలికాలం అనుకున్నా! ఎలక్ట్రీషియన్ వైరు మార్చి, గుంతలో నీళ్లు పోయించాక మోత సగానికి పడిపోయింది. మోత పోతుందని ఎర్త్ పిన్ పీకేయమనేవాళ్లు ఉంటారు, వినకండి. ఆంప్‌లో లోపం వస్తే ఆ కరెంటు తీగల మీదికే వస్తుంది, ఎదురుగా మైక్ ఉంటే పెదాలకు తగులుతుంది.

మిగిలిన సగం మోతకు టేపు వేశాను. పికప్ మార్చలేదు, పాటకు స్విచ్ 4లో పెడతాను. గేటు మా తమ్ముడికిచ్చా, వాడు వాయించేది మెటల్ సంగీతం.