.38 స్పెషల్‌కి బుల్స్‌ఐయా, యునీక్‌నా?

అమెరికాలో తూటాలు సొంతంగా నింపుకోవడం చాలామందికి హాబీ. (ఇండియాలో 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటా తయారు చేయడమే నేరం. కాబట్టి ఇది అక్కడున్న మనవాళ్లకే.) .38 స్పెషల్ అంటే ఒక రివాల్వర్ తూటా; అందులో పోసే బుల్స్‌ఐ, యునీక్ అనే ఈ రెండు పౌడర్లూ నూరేళ్లు దాటినవే, ఇప్పటికీ చాలామంది వాడుతున్నవే.

బుల్స్‌ఐ చాలా వేగంగా మండుతుంది. రేకులు సన్నం, కొలత పరికరంలోంచి చక్కగా జారుతుంది. కొంచెం వేస్తే చాలు, డబ్బా చాలాకాలం వస్తుంది. చిక్కంతా ఆ 'కొంచెం'లోనే ఉంది. .38 స్పెషల్ కేసు (పౌడర్ పోసే గొట్టం) పొడవైనది, బ్లాక్ పౌడర్ (పాతకాలపు నల్లమందు) రోజుల నాటి కొలత. బుల్స్‌ఐ అందులో అడుగునెక్కడో ఉంటుంది. పొరపాటున రెండోసారి పోసినా పొంగదు, చాలాసార్లు సగానికి కూడా రాదు. అది పేలిస్తే రివాల్వర్‌లో తూటాలు పెట్టే సిలిండరే చీలిపోవచ్చు.

యునీక్ కాస్త నిదానం, చోటు ఎక్కువ తీసుకుంటుంది. రెండింతలు పడితే మట్టం బాగా పైకొచ్చి కంటపడుతుంది. కానీ పెద్ద రేకులు, కొలతలో ఇరుక్కుంటాయి. తేలికపాటి లోడ్లలో (పౌడర్ తక్కువ వేసిన తూటాల్లో) మసి కూడా ఎక్కువే.

కొత్తవాళ్లకి నేను యునీకే చెప్తాను. మసి తుడుచుకోవచ్చు.

ఏదైనా సరే, కంపెనీ పట్టికలో కనిష్ఠ తూకంతోనే మొదలుపెట్టాలి. యాభై కేసులూ గుంటలున్న దిమ్మలో నిలబెట్టి, టార్చి వేసి ఒక్కొక్కటీ చూశాకే బుల్లెట్ పెట్టాలి. ఒకసారి ఫోన్ మాట్లాడి వచ్చి చూస్తే, ఒక్క కేసులో మట్టం పైకుంది. దిమ్మలోని పౌడర్ మొత్తం డబ్బాలోకి ఒంపేశాను. బల్ల మీద ఎప్పుడూ ఒక్క డబ్బాయే ఉంచుతాను కాబట్టి ఏ పౌడరో అన్న టెన్షన్ లేకపోయింది.