హ్యాండిల్ బార్ మార్చాలి: మనమే విప్పుకోవాలా, షోరూమ్‌కే ఇవ్వాలా?

బండి పక్కకు పడి హ్యాండిల్ వంగినవాళ్లూ, ఎక్కువసేపు నడిపితే మణికట్లు లాగేస్తున్నాయి, కాస్త ఎత్తు బార్ వేసుకుందామనుకునేవాళ్లూ నన్ను అడిగేది ఒకటే ప్రశ్న. ఇది ఇంట్లో చేసుకోగలిగే పనేనా, షోరూమ్‌కి ఇచ్చేయడమే మంచిదా? ఇన్నాళ్లూ ‘పానా పట్టడం అలవాటుంటే మీరే చేసుకోండి, లేకపోతే ఇచ్చేయండి’ అని చెబుతూ వచ్చాను. పోయిన నెల నా బండికే ఆ పని పడింది. సైడ్ స్టాండ్ మెత్తటి నేలలో దిగబడి బండి ఎడమ వైపు ఒరిగిపోయింది. లివర్ విరగలేదు కానీ బార్ చివర రెండు వేళ్ల మందం వెనక్కి వంగింది. నేనే మార్చుకున్నాను. ఒక పూట పట్టింది. ఆ పూట తర్వాత నా జవాబు మారింది. పానా పట్టే అలవాటు రెండో సంగతి. ముందు చూడాల్సింది బ్రేక్ హోస్, అంటే బ్రేక్ ఆయిల్ వెళ్లే గొట్టం.

ఎందుకో చెబుతాను. బార్ మార్చడమంటే నిజానికి నాలుగు బోల్టుల పని. మిగతా శ్రమంతా దాని మీద ఉన్నవాటితోనే: రెండు స్విచ్ బాక్సులు, క్లచ్ లివర్, యాక్సిలరేటర్, ముందు బ్రేక్ మాస్టర్ సిలిండర్ (లివర్ పట్టగానే ఆయిల్‌ని హోస్‌లోకి నెట్టే భాగం), అద్దాలు, గ్రిప్పులు. ఇవన్నీ పాత బార్ మీంచి తీసి కొత్త దాని మీద బిగించేవే. బ్రేక్‌కి కూడా క్లాంప్ బోల్టులు రెండు తీస్తే మాస్టర్ సిలిండర్ హోస్‌తో సహా అలాగే ఊడి వస్తుంది. ఆయిల్ బయటికి రాదు, గాలి లోపలికి పోదు. కంపెనీ బార్ తీసి అదే వంపు, అదే ఎత్తున్న బార్ వేస్తే పనంతా ఇంతే.

బార్ ఎత్తు పెరిగినప్పుడు, లేదా బాగా వెనక్కి వచ్చినప్పుడు కథ మారుతుంది. హోస్ పొడవు చాలకపోతే కొత్త హోస్ వెయ్యాలి. అంటే బాంజో బోల్టు (హోస్ చివరని బిగించే బోల్టు) విప్పాలి, దాని రెండు వైపులా ఉండే వాషర్లు కొత్తవి వెయ్యాలి, కొత్త ఆయిల్ పోసి లైన్‌లోని గాలంతా బయటికి తీయాలి. ఏబీఎస్ (బ్రేక్ పట్టినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఉన్న కొన్ని బండ్లలో ఆ యూనిట్‌లో చిక్కుకున్న గాలిని తీయాలంటే దాని పంపును కంప్యూటర్ టూల్‌తో నడిపించాల్సి వస్తుంది. అది ఇళ్లలో ఉండే వస్తువు కాదు. స్విచ్ తప్పుగా బిగిస్తే హారన్ మోగదు, గ్రిప్ సరిగా అతక్కపోతే చేతిలో తిరుగుతుంది, ఆగి సరిచేసుకోవచ్చు. బ్రేక్ లైన్‌లో గాలి మిగిలితే ఒక్కోసారి తెలిసేది గట్టిగా బ్రేక్ పట్టాల్సిన క్షణంలోనే. అందుకే నా లెక్క ఇది: హోస్ విప్పక్కర్లేకపోతే మీరే చేసుకోండి. విప్పాల్సి వస్తే, కనీసం ఆ భాగం షోరూమ్‌కి వదిలెయ్యండి.

విప్పాలో వద్దో బార్ కొనకముందే తేల్చుకోవచ్చు. పాత బార్ క్లాంప్ బోల్టులు తీసేసి, కొత్తది ఎంత ఎత్తు పెరుగుతుందో అంత ఎత్తున పాత బార్‌ని ఒకరిని పట్టుకోమనండి. ముందు చక్రాన్ని పూర్తిగా ఎడమకి, పూర్తిగా కుడికి తిప్పి చూడండి. హోస్ ఎక్కడైనా తీగలా బిగుసుకుంటోందా? క్లచ్ కేబుల్, యాక్సిలరేటర్ కేబుళ్లు, స్విచ్ వైర్లు? రెండు చివర్లలోనూ అన్నీ కొంచెం వదులుగా ఉంటే మీ బార్ మీరే మార్చుకోవచ్చు. కేబుల్ ఒక్కటే చాలకపోతే పొడవు కేబుల్ వేసుకోవడం ఇంట్లో అయ్యే పనే, బ్రేక్ అంత భయం లేదు.

ఇక షోరూమ్ గురించి న్యాయంగా మాట్లాడాలి. టూల్స్ అన్నీ ఉంటాయి, ఆ మోడల్ బండ్లు చాలా విప్పినవాళ్లుంటారు. వారంటీలో ఉన్న బండికి, ఇన్సూరెన్స్ క్లెయిమ్ పెట్టాలనుకున్న బండికి వాళ్ల బిల్లు పనికొస్తుంది. బండి గట్టిగా పడినప్పుడు ఇంకో ముఖ్యమైన లాభం ఉంది. హ్యాండిల్ వంకరగా కనిపిస్తే బార్ వంగిందనే అనుకుంటాం. ఒక్కోసారి బార్ శుభ్రంగా ఉండి ఫోర్కులు (ముందు చక్రాన్ని పట్టుకునే రెండు గొట్టాలు) వాటి క్లాంపుల్లో మెలితిరిగి ఉంటాయి. అప్పుడు ఎన్ని బార్లు మార్చినా చక్రం తిన్నగా ఉన్నప్పుడు హ్యాండిల్ పక్కకే చూస్తుంది. అది ముందే పట్టుకునే కన్ను అనుభవమున్న మెకానిక్‌కి ఉంటుంది. పెద్ద దెబ్బే తగిలిందంటే నేనైనా ముందు అక్కడికే తీసుకెళ్తాను.

కానీ షోరూమ్‌లో ఒకటి దొరకదు. తీరిక. కొన్నేళ్ల కిందట ఇంకో బండికి ఒక సర్వీస్ సెంటర్‌లో బార్ మార్పించాను. తిరిగి వస్తూ యూ టర్న్ తీసుకుంటుంటే నేను యాక్సిలరేటర్ తిప్పకుండానే ఇంజిన్ రేజ్ అయింది. గుండె ఝల్లుమంది. యాక్సిలరేటర్ కేబుల్‌ని ఫోర్క్‌కి ఏ వైపు నుంచి తేవాలో ఆ వైపు నుంచి తేలేదు, హ్యాండిల్ పూర్తిగా తిరిగినప్పుడల్లా అది లాగుతోంది. వెనక్కి తీసుకెళ్తే పావుగంటలో సరిచేసి ఇచ్చారు. చేసినతను పని తెలియనివాడు కాదు, అతని ముందు ఇంకో నాలుగు బండ్లు నిలబడి ఉన్నాయి, అంతే. అప్పటినుంచీ బార్ ఎవరు మార్చినా సరే, రోడ్డెక్కే ముందు ఒకటి తప్పకుండా చేస్తాను. బండి న్యూట్రల్‌లో పెట్టి, ఇంజిన్ ఐడిలింగ్‌లో ఉంచి, హ్యాండిల్‌ని ఆ చివరి నుంచి ఈ చివరికి మెల్లగా తిప్పుతూ వింటాను. శబ్దం పిసరంత కూడా మారకూడదు. మీరు షోరూమ్‌లోనే చేయించినా ఇది అక్కడే, వాళ్ల ముందే చేసి చూసుకోండి.

సొంతంగా చేసేటప్పుడు నాకు ఎక్కువ సమయం పట్టింది ఒక చిన్న చిల్లు దగ్గర. స్విచ్ బాక్స్ లోపల చిన్న పెగ్గు ఉంటుంది, అది బార్‌లో ఉన్న చిల్లులో కూర్చుంటేనే బాక్స్ తిరగకుండా ఉంటుంది. కంపెనీ బార్‌కి చిల్లులు వేసే వస్తాయి. బయట కొన్న బార్లు చాలావాటికి ఉండవు. ఆ పెగ్గు కోసెయ్యమని సలహా ఇచ్చేవాళ్లున్నారు, దయచేసి ఆ పని చెయ్యకండి. కుడి వైపు స్విచ్ బాక్స్‌లోనే యాక్సిలరేటర్ కేబుల్ ఉండే బండ్లలో బాక్స్ కదిలిందంటే దానితోపాటు యాక్సిలరేటరూ కదులుతుంది. నేను పాత బార్ చివర చుట్టూ కాగితం చుట్టి, అంచు బార్ అంచుకి సరిగ్గా ఆనించి, చిల్లు ఉన్నచోట పెన్సిల్‌తో పొడిచాను. మధ్య గీత కూడా గుర్తు పెట్టుకున్నాను. అదే కాగితం కొత్త బార్‌కి చుట్టి గుర్తు దించుకున్నాను. సెంటర్ పంచ్‌తో చిన్న గుంట చేసి, ముందు సన్న బిట్‌తో, తర్వాత పెగ్గు సైజు బిట్‌తో డ్రిల్ చేశాను. అయితే చిల్లు వేసే ముందు అన్నీ వదులుగా తగిలించి, బండి మీద కూర్చుని, లివర్లూ స్విచ్‌లూ ఎక్కడ ఉంటే చేతికి హాయిగా ఉందో చూసుకోవాలి. చిల్లు పడ్డాక స్విచ్ బాక్స్‌ని జరపడం ఉండదు.

మిగతా జాగ్రత్తలు త్వరగా చెప్పేస్తాను. బార్ కొనేముందు దాని మందం (బయటి వ్యాసం) చూసుకోండి: చాలా బండ్లకు గ్రిప్పు దగ్గర 22 మిల్లీమీటర్లు, కొన్ని క్రూయిజర్లకు 25.4. లావు బార్లలో క్లాంప్ దగ్గర 28.6 ఉంటుంది, దానికి క్లాంప్ కూడా వేరేది కావాలి. ట్యాంకు మీద దుప్పటి పరవండి, బ్రేక్ ఆయిల్ చుక్క పడినా పెయింట్ పాడవుతుంది. మాస్టర్ సిలిండర్‌ని నిటారుగానే కట్టి ఉంచండి, హోస్‌కి వేలాడనివ్వకండి. పాత బార్ మీద ఏది ఎక్కడుందో ఫోటోలు తీసుకోండి. క్లాంప్ బోల్టులకు టార్క్ రెంచ్ (ఎంత బలంతో బిగించాలో అంతే బిగించనిచ్చే పానా) వాడండి. కింద ఉన్నది అల్యూమినియం, చేతి అంచనాతో బిగిస్తే మరలు ఊడి రావచ్చు. చాలా బండ్లలో ముందు వైపు బోల్టులు ముందు బిగించి, క్లాంప్ సందు వెనక వైపే మిగలనివ్వాలి. కొన్నిటిలో రెండు వైపులా సమానంగా ఉండాలి. మీ బండి సర్వీస్ మాన్యువల్‌లో ఏముందో అదే చెయ్యండి. గ్రిప్పులు ఎక్కించడానికి నూనె వాడకండి, గ్రిప్ జిగురే పూయండి. చివరగా క్లచ్ లివర్ కొసన 10 నుంచి 20 మిల్లీమీటర్లు, యాక్సిలరేటర్‌లో 2 నుంచి 6 మిల్లీమీటర్లు ఆట (కేబుల్ లాగడం మొదలయ్యే ముందు ఉండే వదులు) మామూలుగా ఉంటుంది, మీ మాన్యువల్ అంకెకి సరిచేసుకోండి. హ్యాండిల్ పూర్తిగా తిప్పినప్పుడు ట్యాంకుకీ గ్రిప్పుకీ మధ్య వేళ్లు నలగకుండా చోటుందో లేదో కూడా చూడండి.

మూడో దారి ఒకటి అడుగుతుంటారు: వంగిన బార్‌నే పైపు పెట్టి తిన్నగా చేయిస్తే? వద్దు. ఒకసారి వంగి మళ్లీ సాగిన లోహానికి బలం నమ్మకం కాదు, అల్యూమినియం అయితే మరీనూ. క్లిప్ ఆన్ హ్యాండిళ్లు (ఎడమ, కుడి విడివిడిగా ఉండేవి) ఉన్న బండ్ల లెక్క వేరు, అవి ఫోర్క్ గొట్టాలకే బిగుస్తాయి.

ఖర్చు గురించి రాయలేదని అనుకోవచ్చు. లేబర్ మిగులుతుంది, నిజమే, కానీ నేను మళ్లీ ఇంట్లోనే చేసుకుంటాననడానికి కారణం అది కాదు. బార్ ఎంత ముందుకు వాలాలి, లివర్ ఎంత దిగాలి అన్నది మీ మోచేయి, మీ మణికట్టు చెప్పాలి. కూర్చుని కళ్లు మూసుకుని చేతులు చాపి, వేళ్లు లివర్ మీద వేస్తే మోచేతి నుంచి వేళ్ల దాకా ఒకటే గీతలా ఉండాలి. షోరూమ్‌లో బార్ మీది చుక్క గుర్తుకి కలిపి బిగించి ఇస్తారు, అది తప్పేం కాదు. ఆ చుక్క ఎవరికో సగటు మనిషికి. నేను మూడు సాయంత్రాలు కొద్ది కొద్ది దూరం నడిపి, వచ్చి కాస్త జరిపి, మళ్లీ నడిపాను. కుడి వైపు కుదిరింది. ఎడమ లివర్ ఇంకొంచెం దించాలనిపిస్తోంది, రేపు పొద్దున బండి తీసేముందు అలెన్ కీతో ఆ పని చూస్తాను.