పాత జీపు పికప్‌కు డిస్క్ బ్రేకులు: ఏండ్లు వాడినంక

పాత జీపు పికప్‌ను ఇంకా లోడుకు తిప్పేటోళ్లు ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు (చక్రంతోని తిరిగే పళ్లాన్ని రెండు దిక్కుల నుంచి ప్యాడ్లు అదిమిపట్టేవి) వేయించుకోవచ్చు, పైసలు వృథా కావు. కాకపోతే అందరూ డిస్కుల గురించే అడుగుతరు. ఇన్నేండ్లు నడిపినంక నాకు అర్థమైంది వేరే. బండిని ఆపేది డిస్కే అయినా, పనంతా వాక్యూమ్ పంపు (గాలిని గుంజి తీసేసే పంపు, పెడల్‌కు బలం దీంతోనే) మీద, ముందు వెనక చక్రాల బ్రేకు సమానంగా కుదరడం మీద ఆధారపడి ఉంది.

మాది ఎనభైల నాటి మహీంద్రా. 2,112 సీసీ ప్యూజో డీజిల్ ఇంజన్, నాలుగు చక్రాలకూ డ్రమ్ములే, అంటే చక్రం లోపలి డబ్బాకు లైనర్లు ఒత్తుకొని ఆపే పాత రకం బ్రేకులు. బత్తాయి కాపు దిగినప్పుడు దేవరకొండ పక్కనున్న తోట నుంచి నల్లగొండకు, ఒక్కోసారి బాటసింగారం మార్కెట్ దాకా లోడుతో పోతది. ఎండాకాలం డ్రమ్ములతో పెద్ద ఇబ్బంది లేదు. వానాకాలంలనే భయం. వాగు దాటంగనే లైనర్లు తడిసి మొదటి తొక్కుడుకు పట్టేవి కావు. పట్టినప్పుడు ఒక చక్రం ముందుగా పట్టి స్టీరింగ్ ఎడమకు గుంజేది. ఎదురుగ గొర్ల మంద వస్తుంటే ఆ గుంజుడు ఎట్లుంటదో నడిపినోళ్లకే ఎరుక.

ఇంకో సంగతి, పాత మాస్టర్ సిలిండర్‌ది (పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్‌ను చక్రాలకు నెట్టేది) ఒకటే లైను. ఎక్కడ పైపు పగిలినా నాలుగు చక్రాలకూ బ్రేకు పోతది. అందుకే డిస్కులతోపాటు ముందుకు వేరే, వెనకకు వేరే లైను ఉండే మాస్టర్ సిలిండర్ కూడా వేయించినం. డిస్కులకు పైసలు సరిపోకపోతే ముందు ఇదొక్కటన్న మార్పించుకోండి.

కిట్టు అమ్మినోళ్లు రోటర్లు (డిస్కులు), కాలిపర్లు (ప్యాడ్లను డిస్కుకు అదిమేవి), బ్రాకెట్లు, బూస్టర్ (వాక్యూమ్‌తోని పెడల్ తొక్కుడుకు బలమిచ్చే డబ్బా) ఇచ్చిన్రు గని, బూస్టర్‌కు వాక్యూమ్ ఎక్కడిదో చెప్పలే. పెట్రోల్ బండికైతే మానిఫోల్డ్ (ఇంజన్‌లకు గాలి పోయే గొట్టం) నుంచి తీసుకోవచ్చు. డీజిల్ ఇంజన్‌ల బూస్టర్‌కు సరిపోయేంత వాక్యూమ్ పుట్టదు. అందుకే వెనక వాక్యూమ్ పంపు ఉన్న ఆల్టర్నేటర్ (బ్యాటరీని ఛార్జ్ చేసేది) పెట్టాలె. ఆ పంపుకు ఇంజన్ ఆయిల్ పోయే పైపు ఒకటి, తిరిగి వచ్చే పైపు ఒకటి ఉంటయి. వాటి జాయింట్ల కాడ చెమ్మ కనపడితే అదే రోజు చూపించుకోవాలె. ఇవన్నీ కలిపి ఖర్చు 40 వేలు దాటింది.

మా బండిల మాస్టర్ సిలిండర్ డ్రైవర్ కాళ్ల కింద చాసిస్‌కు ఉంటది, కాలిపర్ల కంటే కిందికి. దాంతోని బండి నిలబెట్టినప్పుడు ఆయిల్ వెనక్కి జారి, మళ్ల తొక్కితే పెడల్ లోతుకు పోతది. దీనికి ముందు లైన్‌ల 2 పీఎస్ఐ (ప్రెజర్ కొలత) రెసిడ్యువల్ వాల్వ్ పెట్టాలె, అది లైన్‌ల కొంచెం ప్రెజర్ నిలిపి ఆయిల్ వెనక్కి జారకుండ ఆపుతది. డ్రమ్ములకు పెట్టే 10 పీఎస్ఐ వాల్వ్ అక్కడ ఉండొద్దు, ప్యాడ్లు డిస్కును వదలక రుద్దుకుంటనే ఉంటయి. మా మెకానిక్ కొంత దూరం నడిపించి, బండి ఆపి, రిమ్ము మీద అరచెయ్యి పెట్టి చూసిండు. "రెండు దిక్కులా ఒకతీరు వెచ్చగున్నది, ఇగ పోవచ్చన్నా" అన్నడు. నేను ఇప్పటికీ లోడు దించినంక అట్లనే తాకి చూస్త.

వెనక డ్రమ్ములే ఉంచినం. ఖాళీ పికప్‌కు వెనక బరువుండదు కాబట్టి గట్టిగ తొక్కితే వెనక చక్రాలు ముందే బిగుసుకొని తోక పక్కకు జారుతది. వెనక ప్రెజర్ తగ్గించే వాల్వ్ వేయించి, ఖాళీ బండి తోని తడి రోడ్డు మీద మెల్లగ పోతూ సెట్ చేయించినం. లోడున్నప్పుడు వెనక బ్రేకు కొంచెం తక్కువ పట్టినట్టు అనిపిస్తది, అయినా నాకు అదే మేలనిపించింది.

ఫలితమంటరా, వానల తొక్కితే బండి సక్కగ ఆగుతది, స్టీరింగ్ గుంజదు. కాలు నొప్పి లేదు. శ్రీశైలం పోతూ దోమలపెంట దాటినంక ఘాట్ దిగేటప్పుడు మాత్రం డిస్కులున్నయని ధీమా పడొద్దు. గేర్ల మీదనే దిగాలె. డీజిల్ మిగులుతదని ఇంజన్ బంద్ చేసి దించే అలవాటున్నోళ్లు అసలే మానుకోవాలె. ఇంజన్ ఆగితే బూస్టర్‌ల ఉన్న వాక్యూమ్ కొన్ని తొక్కుళ్లకే అయిపోయి పెడల్ రాయి తీరుగ గట్టిపడతది.

బూస్టర్ పనిచేస్తుందో లేదో ఇంటికాడనే చూసుకోవచ్చు. ఇంజన్ ఆపి, పెడల్ గట్టిపడేదాక తొక్కి, కాలు అట్లనే ఉంచి స్టార్ట్ చేస్తే పెడల్ కొంచెం కిందికి దిగాలె. దిగకపోతే పైపో, పంపో, బూస్టరో పోయినట్టే. బ్రేక్ ఆయిల్ నేను డాట్ 4 రకం పోస్తున్న. కొత్తది 230 డిగ్రీల దాకా మరగదు, అదే డాట్ 3 అయితే 205. ఏదైనా గాలిలోని తేమ పీల్చుకుంటది కాబట్టి రెండేండ్లకోసారి మార్చాలె.

కిట్టు కొనేముందు దాని ప్యాడ్లు నల్లగొండల దొరుకుతయా లేదా కనుక్కోండి. మావి అరిగినప్పుడు హైదరాబాద్ నుంచి తెప్పించుకోవాల్సి వచ్చింది, అప్పటిదాక బండి షెడ్డులనే ఉంది. ఇంకా, బండిల చేసే మార్పుల మీద 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉంది. పని మొదలుపెట్టే ముందే రవాణా ఆఫీసుల అడిగి పెట్టుకోండి.