మైలేజీ అంకె చూసి మునిగిపోయాను: వరద కార్లతో జాగ్రత్త

సెకండ్ హ్యాండ్‌లో మంచి మైలేజీ ఇచ్చే చిన్న కారు వెతుకుతున్నవాళ్లు, ముఖ్యంగా విజయవాడ, గుంటూరు వైపు వాళ్లు, అడ్వాన్సు ఇచ్చేముందు ఒక్కసారి ఇది చదవండి. 3 లక్షల 60 వేలు పోసి, 2024 విజయవాడ వరదల్లో బుడమేరు వాగు నీళ్లలో మునిగిన బండి కొన్నాను. ఆ సంగతి రెండు నెలలు వాడాక గానీ తెలియలేదు.

మాది గుంటూరు, నా స్కూలు ఉద్యోగం విజయవాడలో. రానూపోనూ రోజుకు 70 కిలోమీటర్లు. మా పాప కూడా అదే స్కూల్లో చదువుతుంది. పొద్దున్నే పిల్లని, బ్యాగుల్ని వేసుకుని బస్సులో నిలబడలేక కారు తీసుకుందామనుకున్నాం. పెట్రోలు తక్కువ తాగే బండి అయితే చాలు. ఏ దుకాణానికి వెళ్లినా మా నోటి నుంచి వచ్చిన మొదటి మాట "మైలేజీ ఎంతొస్తుందండీ?" అదే మా కొంప ముంచింది. వీళ్లకి మైలేజీ ఒక్కటి చూపిస్తే ఇంకేదీ చూడరని అమ్మేవాడికి అక్కడే అర్థమైపోయింది.

2025 ఫిబ్రవరిలో చూశాం. 2019 మోడల్, వెయ్యి సీసీ పెట్రోలు బండి. ఏ కంపెనీదన్నది అనవసరం, తప్పు తయారుచేసినవాళ్లది కాదు. పాలిష్ కొట్టి అద్దంలా నిలబెట్టారు. తలుపు తీస్తే గుప్పుమని సెంటు వాసన. అమ్మేవాడు మమ్మల్ని ఎక్కించుకుని కృష్ణ మీది వారధి దాటి హైవే మీదకు తీసుకెళ్లాడు. అక్కడ బటన్ నొక్కి యావరేజీని సున్నా చేసి, ఏసీ ఆపేసి, స్పీడు అరవై దగ్గరే నిలిపి కాజా టోల్‌గేటు ముందుదాకా పోనిచ్చాడు. "చూడండి మేడమ్, 23.4" అన్నాడు. మావారు ఆ అంకెని ఫొటో కూడా తీసుకున్నారు.

అంకె అబద్ధం కాదు. కానీ బ్రేకు తొక్కకుండా, గేరు మార్చకుండా తోలితే వచ్చిన అంకె అది. బెంజి సర్కిల్ ట్రాఫిక్‌లో ఏసీ వేసుకుని తోలినప్పుడు వచ్చేదే మన జేబుకు తగిలే మైలేజీ. కంపెనీలు చెప్పే ఏఆర్‌ఏఐ (బండ్లను పరీక్షించే సంస్థ) మైలేజీ లెక్క కూడా ల్యాబులో రోలర్ల మీద చక్రాలు తిప్పి తీసిందే, రోడ్డు మీద తీసింది కాదు.

మొదట్లో బాగానే నడిచింది. ఏప్రిల్‌లో పెట్రోలు తెగ తాగడం మొదలుపెట్టింది. ట్యాంకు నిండుగా కొట్టించి, ఐదు రోజులు తిరిగి, అదే బంకులో మళ్లీ నింపిస్తే 350 కిలోమీటర్లకి 27 లీటర్లు పట్టింది. లీటరుకి 13 కూడా లేదు. ఇంజిన్ లైటు కూడా వెలిగింది.

ఆటోనగర్‌లో తెలిసిన మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాం, పెద్దాయన. స్కానర్ పెడితే ఆక్సిజన్ సెన్సర్ (పొగలో ఆక్సిజన్ ఎంతుందో ఇంజిన్‌కి చెప్పేది) ఫాల్టు చూపించింది. దాని కప్లర్, అంటే వైర్లు కలిపే ప్లగ్గు, ఊడదీసి నా చేతిలో పెట్టాడు. పిన్నుల మీద పచ్చటి చిలుము. ఆయన ఇంకేమీ మాట్లాడకుండా డ్రైవర్ సీటు కింద కార్పెట్ ఎత్తాడు. అడుగున ఎండి పెళుసుబారిన ఒండ్రు, వేలితో గీస్తే పొడి రాలింది. సీటు బెల్టుని చివరంటా లాగితే, మామూలుగా లోపల చుట్టుకుని ఉండే భాగమంతా మట్టి రంగు. "బండి మునిగిందమ్మా. కడిగి, స్ప్రే కొట్టి అమ్మేశారు. చిలుము మళ్లీ పట్టింది" అన్నాడు. ఆ సెన్సర్ సరిగ్గా చెప్పకపోతే ఇంజిన్‌కి పెట్రోలు ఎక్కువ పోతుందట. మైలేజీ అక్కడ పోయింది.

నాకు నిద్ర లేకుండా చేసింది మాత్రం మైలేజీ కాదు. తాళం తిప్పగానే మీటరులో ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి కొన్ని సెకన్లకి ఆరిపోవాలి. మా బండిలో అది వెలగనే వెలగదు. ఫాల్టు కనిపించకుండా బల్బే తీసేశారు. గుద్దితే ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుంటుందో లేదో తెలియదు. రెండు నెలలు నా పిల్లని అందులో కూర్చోబెట్టుకుని హైవే మీద తిరిగాను.

తర్వాత షోరూమ్ సర్వీసులో బండి నంబరు చెప్పి పాత రికార్డు అడిగాం. 2024 సెప్టెంబరులో, వరదొచ్చిన వారంలోనే, సింగ్‌నగర్ నుంచి టోయింగ్ మీద వచ్చిందట. రిపేరు అంచనా చూసి చేయించకుండానే తీసుకెళ్లిపోయారు. ఆర్సీలో నవంబరులో పేరు మారింది. మాకిచ్చిన ఇన్సూరెన్స్ పాలసీలో నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయని ఏళ్లకి ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) సున్నా. ఐదేళ్ల బండికి బోనస్ సున్నా ఉందంటే క్లెయిమ్ అయినా జరిగుండాలి, పాలసీ అయినా మధ్యలో తెగిపోయుండాలి, లేదంటే ఓనరైనా మారుండాలి. ఏదైనా సరే, ఎందుకని అడగాల్సిన విషయమే. మా చేతిలో కాగితం ఉంది, మేం ఆ గడి చూడలేదు.

అందుకే చెబుతున్నాను. మైలేజీ అడగండి, కానీ దానికంటే ముందు వంగి సీటు పట్టాలు చూడండి, తుప్పు పట్టాయేమో. డిక్కీలో స్టెప్నీ తీసి కింది గుంటలో చెయ్యి పెట్టండి, తడి గానీ మట్టి గానీ తగులుతుందేమో. సెంటు వాసన ఘాటుగా ఉంటే అద్దాలెత్తి పది నిమిషాలు బండిని ఎండలో ఉంచి, అప్పుడు తలుపు తీసి ముక్క వాసన వస్తుందేమో చూడండి. మీ మెకానిక్‌ని మీరే తీసుకెళ్లండి, "మావాడున్నాడు మేడమ్" అంటే ఒప్పుకోవద్దు. ఇంకోటి, స్టాంపు పేపరు మీద "ఉన్నది ఉన్నట్టుగా తీసుకుంటున్నాను" అనే వాక్యముంటే సంతకం పెట్టకండి. నేను పెట్టాను. ఇప్పుడు ఫోన్ చేస్తే అతను ఆ వాక్యమే చదివి వినిపిస్తున్నాడు. 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫిర్యాదు చేశాను, జిల్లా కమిషన్‌కి కాగితాలు సిద్ధం చేస్తున్నాను.

మొన్న అతనే ఫోన్ చేసి 2 లక్షల 20 వేలకి బండి వెనక్కి తీసుకుంటానన్నాడు. మావారు ఇచ్చేద్దామన్నారు. నాకు మనసొప్పలేదు. మళ్లీ సెంటు కొట్టి, మాలాంటి ఇంకో ఇంటికే అమ్ముతాడు. బండి మా ఇంటి ముందే ఉంది. ఆ కార్పెట్ నేను తిరిగి అతికించలేదు. గుంటూరులో తెలిసినవాళ్లెవరైనా కారు కొనబోతుంటే ముందు మా ఇంటికి తీసుకొచ్చి ఆ మట్టి చూపిస్తున్నాను.