బస్తీ దవాఖానా: షుగర్ పేషెంటుగా నా అనుభవం

హైదరాబాద్‌లో బస్తీ దవాఖానాలు, అంటే బస్తీల్లో ప్రభుత్వం నడిపే చిన్న ఉచిత క్లినిక్‌లు, 2018లో మొదలయ్యాయి. నేను రిటైరయ్యాక మెడికల్ షాపు బిల్లులకు భయపడి మా ఇంటి దగ్గర ఉన్నదానికి వెళ్లడం మొదలుపెట్టాను. బీపీ, షుగర్ గోళీలు ఇప్పటికీ అక్కడే తీసుకుంటున్నా.

ఓ డాక్టరు, ఓ నర్సు, ఓ సహాయకురాలు, అంతే స్టాఫ్. చూసినందుకు పైసా తీసుకోరు. తొమ్మిదింటిదాకా టీ తాగకుండా ఆగగలిగితే రక్తం తీసి తెలంగాణ డయాగ్నొస్టిక్స్ అనే ప్రభుత్వ ల్యాబుకు పంపుతారు, రిపోర్టు ఫోనుకే వస్తుంది. మూడు నెలల సగటు షుగర్, కొలెస్ట్రాల్, థైరాయిడ్ టెస్టులకు బయట ఎంతవుతుందో షుగరున్న ఇంట్లో ఎవరికీ చెప్పక్కర్లేదు.

చిరాకు పెట్టేది మందుల స్టాకు. నాకు కావలసిన బీపీ గోళీ ఒక్కోసారి ఉండదు, బయట కొనుక్కోమంటారు. డాక్టరు మారినప్పుడల్లా మన కథ మొదటినుంచి చెప్పుకోవాలి.

అయినా నాకు తృప్తిగానే ఉంది. కానీ నా మాట పట్టుకుని దవాఖానాకు మార్కులు వేయకండి. నాకు పెన్షన్ ఉంది, బోలెడంత టైముంది. మా ఇంట్లో పనిచేసే అమ్మాయికి అవి రెండూ లేవు. పొద్దున నుంచి నాలుగిళ్లు తిరిగి ఆమె ఖాళీ అయ్యేసరికి దవాఖానా మూసేస్తారు. "ఫ్రీయే సార్, కానీ పనికి రాకపోతే మేడమ్‌లు ఊరుకోరు కదా" అంటుంది. జ్వరమొస్తే రాత్రి ఆర్‌ఎంపీ దగ్గరికెళ్లి డబ్బిచ్చి సూది వేయించుకుంటుంది. అడ్డా మీద నిలబడే కూలీ సంగతి ఇంకా కష్టం. పొద్దున అక్కడ లేకపోతే ఆ రోజు కూలి పోయినట్టే. ఉచిత ఓపీకి అతను కట్టే ఫీజు అది!

అటు మా అపార్ట్‌మెంట్ వాళ్లేమో ఒక్కసారీ గడప తొక్కకుండానే "ఆ మందులు పనిచేస్తాయా అండీ?" అంటారు. షుగర్ గోళీ మెట్‌ఫార్మిన్ ఎక్కడైనా మెట్‌ఫార్మినే. నా షుగర్ రిపోర్టు చూపించినా నమ్మరు.

పదకొండింటికి గుమ్మం దగ్గర నిలబడి ఎవరైనా సర్వే చేస్తే అందరూ బాగుందనే చెబుతారు. ఆ వేళకు అక్కడ ఉండేది ఎక్కువగా నాలాంటి ముసలివాళ్లు, చంటిపిల్లల తల్లులు. రాలేనివాళ్లను అడిగేదెవరు? వారంలో రెండు రోజులైనా రాత్రి ఎనిమిదిదాకా తెరిచి చూడమని అక్కడి సిబ్బందితో అన్నాను. తమ చేతుల్లో లేదన్నారు, నిజమే.

కొత్తగా వెళ్లేవాళ్లు పాత చీటీలన్నీ ఒక ఫైల్లో పెట్టుకుని తీసుకెళ్లండి. మందులు పూర్తిగా అయిపోయేదాకా ఆగకుండా వారం ముందే వెళ్లండి.